"ఆ మేక నాది కాదు టీచర్"

ప్రశ్న: కావలి దగ్గర ఒక పల్లె బడిలో రెండో తరగతికి చెబుతున్నాను. ఇరవై ఎనిమిది మంది పిల్లలు. నవంబరు 14కి వాళ్లు వేసిన బొమ్మలతో మా గదిలోనే ప్రదర్శన పెడదామనుకున్నాను. బాగున్నవి ఓ పది పెడితే చాలంటున్నారు హెడ్మాస్టరు గారు. మిగతావి నేను కాస్త దిద్ది పెట్టొచ్చా? సర్దడం పిల్లలకే వదిలేస్తే గందరగోళం అవుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది మేడం.

జవాబు: దిద్దొద్దమ్మా. ఆ పని చేసి దెబ్బ తిన్నదాన్ని నేను. కనిగిరి వైపు పనిచేసేటప్పుడు ఒక పిల్లాడు మేకను గీశాడు. కాళ్లు ఆరున్నాయి. చూసినవాళ్లు నవ్వుతారని, పిల్లలు ఇళ్లకు పోయాక రెండు కాళ్లు తెల్లరంగుతో కప్పేసి, కొమ్ములు సరిచేశాను. మర్నాడు వాళ్లమ్మ వచ్చి "నీదేదిరా?" అంటే వాడు గోడంతా వెతికి, "నాది పెట్టలేదు" అన్నాడు. నేను చూపిస్తే, "ఆ మేక నాది కాదు టీచర్. నాది పరిగెత్తతా ఉండింది" అన్నాడు. ఆరు కాళ్లెందుకో నాకప్పుడు తెలిసింది.

ఇరవై ఎనిమిదీ పెట్టండి. మనిషికి ఒకటి, అదీ ఎవరిది వాళ్లే ఏరుకోవాలి. హెడ్మాస్టరు గారితో వాదనెందుకు? "తన బిడ్డ బొమ్మ లేని గదికి ఏ తల్లి వస్తుంది సార్?" అని అడిగి ఊరుకోండి.

తేదీ మాత్రం మార్చుకోండి. నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే గదా. వాయుగుండమంటే బడికి సెలవు. సెలవు లేకపోయినా చెమ్మకి చార్టులు ముడుచుకుపోతాయి, సున్నం గోడకి టేపు నిలవదు. సంక్రాంతి సెలవులయ్యాక పెట్టుకోండి. బొమ్మల కొలువు చూసొచ్చిన పిల్లలుంటే ఏది పైమెట్టు, ఏది కిందిమెట్టు అన్న చర్చ వాళ్లకి కొత్త కాదు.

సర్దడం గోడ మీద మొదలుపెట్టకండి. బెంచీలు వరండాలోకి జరిపి, నేల మీద సుద్దముక్కతో నాలుగు గోడలూ గుమ్మమూ గీసి, బొమ్మల్ని అక్కడ పరవమనండి. ఏడేళ్ల వాళ్లకి థీమ్ అంటే ఏం తెలుస్తుంది? "దేని పక్కన ఏదుంటే బాగుంటుంది?" అంటే చాలు. గేదెలన్నీ ఒకచోట పెడతారనుకున్నాను నేను. నా పిల్లలేమో గేదె పక్కన చెరువు, చెరువు పక్కన వాన, వాన పక్కన గొడుగేసుకున్న తాత, ఇలా అల్లుకుంటూ పోయారు. నాకైతే తట్టేది కాదు.

కొట్లాట వస్తుంది, రానీండి. గుమ్మానికి ఎదురుగోడే అందరికీ కావాలి. ఏడుగురికో గోడ చొప్పున చీటీలు వేయండి. తలుపున్న గోడ వచ్చినవాళ్లు కాసేపు గొణుక్కుని, కిటికీ ఊచలకి దారం కట్టుకోవచ్చని వాళ్లే కనిపెడతారు.

ఎత్తు పిల్లల కంటికి సరిపోవాలి, మీ కంటికి కాదు. మరీ పొడుగూ పొట్టీ కాని పిల్లని గోడకి నిలబెట్టి కళ్ల దగ్గర పెన్సిల్ గీత పెట్టండి, మూడున్నర అడుగులకి కాస్త అటూఇటూగా వస్తుంది. అక్కడ పురికొస కట్టి బట్టల క్లిప్పులు పెట్టండి. పెద్దవాళ్లు వంగి చూస్తారు, చూడనీండి. మైదా జిగురు జోలికి పోకండి, రాత్రికి ఎలుకలు దిగుతాయి.

పేర్లకి మాత్రం నా ఓటు మార్కాపురం పలకలకే. బడి బీరువాలో పాతవి నాలుగైనా పడి ఉంటాయి, మిగతావి ఇళ్లలో అడగండి. బలపంతో తప్పు రాసినా తుడిచేయొచ్చు. "ఇదేంట్రా?" అని మాత్రం అడగొద్దు, గీసినవాడికి అంతకన్నా అవమానం లేదు. "దీని గురించి చెప్పు" అనండి. "మా యమ్మ రొయ్యల గుంట కాడికి పోయింది" అంటే ఆ మాటే రాయండి. పుస్తకం భాషలోకి మార్చారా, మళ్లీ ఆ మేక కథే.

చేలకీ గుంటలకీ పోయే తల్లిదండ్రులు పగలు రాలేరు కాబట్టి సాయంత్రం అయిదు దాటాక ఓ గంట తెరిచి ఉంచండి. ఎవరి అమ్మానాన్నల్ని వాళ్లే చెయ్యి పట్టుకుని తిప్పుతారు. మీరు గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు మారిపోకుండా చూసుకోండి చాలు.