కథలో ముఖ్యపాత్ర చెడ్డవాడైతే, పాఠకులకి నచ్చేలా మార్చాలా?

మీరు అడిగింది ఇది: మీ నవలలో ముఖ్యపాత్ర ఒక అన్న, చెల్లెలి వాటా పొలాన్ని మాయమాటలు చెప్పి రాయించుకుంటాడు, చదివినవాళ్లంతా "వీడు మాకు నచ్చలేదు" అని 30వ పేజీ దగ్గరే ఆపేస్తున్నారు, అతన్ని కాస్త మంచివాడిగా మార్చాలా అని. మార్చొద్దు. మాది చిత్తూరు, 12 ఏళ్లుగా కథలు రాస్తున్నాను, ఒకే కథని మూడుసార్లు తిరగరాస్తే నాకు తెలిసొచ్చింది చెప్తాను.

నా కథలో మనిషి మామిడి మండీలో కాటా దగ్గర కూర్చుంటాడు. మా వైపు జూన్, జూలై వచ్చిందంటే తోతాపురి కాయ నింపుకున్న ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి, రైతులు రాత్రంతా బండి దగ్గరే పడుకుంటారు, తమ వంతు వచ్చేసరికి కాయ మెత్తబడుతుందేమో అని టెన్షన్, ఎంతకో అంతకి దించేసి ఇంటికి పోదాం అనిపిస్తుంది. ఆ తొందర కనిపెట్టి తరుగు పేరుతో తూకంలో కోత పెట్టేవాడు వాడు. మా నాన్న కూడా అలాంటి చోటే కాయ దించేవాడు, చిన్నప్పుడు పక్కన నిలబడి చూశాను, అందుకని మొదటిసారి రాసినప్పుడు నాలో ఉన్న కసంతా కాగితం మీద పెట్టేశాను. వెకిలి నవ్వు, ముందుకొచ్చిన పొట్ట, నోరు తెరిస్తే బూతు. తిరుపతిలో కొందరు స్నేహితుల మధ్య చదివి వినిపిస్తే ఒకాయన అన్నాడు: "అన్ని తిట్లూ మీరే తిట్టేశారు, ఇంక మేం తిట్టడానికి ఏం మిగిల్చారు?"

రెండోసారి వాడికొక కష్టం పెట్టాను. కూతురికి జబ్బు, ఆపరేషన్‌కి డబ్బు లేదు, అందుకే మోసం. ఇది ఇంకా బెడిసికొట్టింది. మామిడితోట ఉన్న ఒక పెద్దాయన చదివి, "అంటే మా తూకంలో కోసుకుంటే తప్పు లేదంటావా? మా ఇళ్లల్లో జబ్బులు లేవా?" అని నిలదీశాడు. ఆయన కోపం కాటా మనిషి మీద కాదు, నా మీద. ఆ కోపం న్యాయమే, ఎందుకంటే వాడి తరఫున క్షమాపణ అడిగింది నేనే, అదీ వాడి కూతుర్ని అడ్డం పెట్టుకుని.

మూడోసారి తిట్లూ తీసేశాను, జబ్బూ తీసేశాను. వాడు చేసే పని మాత్రం రాశాను. మలుపు దగ్గర ట్రాక్టరు కనిపించగానే లోడు ఎంతుంటుందో చెప్పేస్తాడు, కాటా మీద ఎక్కిస్తే పెద్దగా తేడా ఉండదు. ఎవరు మండీలో అడ్వాన్సు తీసుకున్నారు, ఎవరికి ఎదురు మాట్లాడే కొడుకున్నాడు, ఎవరు చీటీ చదవలేరు, అన్నీ వాడికి నోటికి వచ్చు. కొడుకు లాయరైన రైతుకి సరిగ్గా తూస్తాడు. అడ్వాన్సు ఉన్నవాడికి టన్నుకి ఇంకో 50 కిలోలు కోస్తాడు, కోస్తూనే "టీ తాగినావా అన్నా" అని అడుగుతాడు. ఆ అడగడంలో నటన లేదు, నిజంగానే టీ తెప్పిస్తాడు. వాడు మంచివాడో చెడ్డవాడో కథలో నేను ఒక్కచోట కూడా అనలేదు. అదే పెద్దాయనకి మళ్లీ ఇచ్చాను. చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఆ టీ సంగతి మాత్రం నిజం" అన్నాడు, లేచి వెళ్లబోతూ "ఆఖరుకి వాడేమైనాడు?" అని అడిగాడు. వాడంటే ఆయనకి అసహ్యం తగ్గలేదు, కానీ వాడి సంగతి తెలుసుకోకుండా ఉండలేకపోయాడు. మీకు కావలసిన పాఠకుడు ఈయనే.

ఇది నేను ముందే నేర్చుకుని ఉండాల్సింది, మా జిల్లాలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చాలా ఊళ్లలో 18 రోజులు. చివర్లో దుర్యోధన వధ. మైదానంలో మట్టితో ఇంత పొడుగు దుర్యోధనుడిని పడుకోబెడతారు, వేషాలు కట్టినవాళ్లు దాని చుట్టూ పరిగెత్తుతూ కొట్టుకుంటారు, ఆఖరికి భీముడు తొడ పగలగొడతాడు. మా అవ్వ అన్ని రోజులూ దుర్యోధనుడిని నోరారా తిట్టేది, ద్రౌపదిని సభకి ఈడ్పించిన రాత్రి అయితే మరీ. తొడ మీద గద పడేటప్పుడు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చెడ్డోడు కదా, నీకెందుకు బాధ అంటే, "చెడ్డోడే, ఇన్ని రోజులు చూసినాం గదరా" అంది. ఆ ఆడేవాళ్లు దుర్యోధనుడిని మంచి చేయడానికి ఏ ప్రయత్నమూ చేయరు. కాకపోతే తెర తీయగానే వాడు వచ్చే తీరు, ఆ కిరీటం, ఆ గొంతు, వాడి రోషం, ఏదీ తగ్గించి చూపించరు.

గురజాడ నాటకం కన్యాశుల్కంలో గిరీశం సంగతి చూడండి. పూటకూళ్లమ్మ డబ్బు తిన్నాడు, చదువు చెప్తానని వెంకటేశం ఇంట చేరి వాళ్ల అక్కనే లేపుకుపోయాడు, అయినా వాడు మాట్లాడుతుంటే పుస్తకం మూయలేం, వెంకటేశం లాగే మనమూ నోరు తెరుచుకుని వింటాం. గోపీచంద్ నవల అసమర్థుని జీవయాత్రలో సీతారామారావుకి ఆ సరదా కూడా లేదు. ఉన్నదంతా పోగొట్టుకుంటాడు, పెళ్లాం మీద కసి తీర్చుకుంటాడు, చదువుతుంటే ఊపిరాడదు. అయినా అతను తన బుర్రని తానే తవ్వుకుంటూ పోతుంటాడు, ఆ తవ్వకం మనల్ని వదలదు. ఇద్దరిలో ఎవరినీ ఇంటికి పిలిచి అన్నం పెట్టాలనిపించదు.

అందుకని "నచ్చలేదు" అన్నవాళ్లని ఇంకొంచెం కదపండి. ఎక్కడ ఆపారు, ఆ పేజీలో ఏం జరుగుతోంది అని అడగండి. చాలామంది విసుగొచ్చినా అదే మాట అంటారు. 30 పేజీల దాకా అన్న చెడ్డవాడని మీరు చెప్తూనే ఉండి, వాడు ఇంకా ఏ పనీ మొదలుపెట్టకపోతే ఆపేయరా మరి. కొందరు మాత్రం నిజంగానే చదవలేరు, అలాంటి అన్న వాళ్లింట్లోనే ఉండొచ్చు, వాళ్లని బలవంతపెట్టకండి, వాళ్లకోసం కథ మార్చకండి.

ఒక విమర్శ మాత్రం నన్ను బాగా పట్టి కుదిపింది. మూడో రూపం చదివిన ఒక టీచరమ్మ ఫోన్ చేసి, "కాటా మనిషి వేలికున్న ఉంగరం దాకా రాశారు, మోసపోయిన రైతుకి పేరు కూడా పెట్టలేదేం సార్?" అంది. తీసి చూసుకుంటే నిజమే, 14 పేజీల కథలో అతను ఉత్త "రైతు". చెడ్డవాడిని దగ్గరగా చూపించాలన్న పట్టుదలలో, నష్టపోయిన మనిషిని గోడలా నిలబెట్టేశాను. ఆ రాత్రే కూర్చుని ఒక పేజీ కలిపాను, అతను తూకం చీటీని ఇంటికి తెచ్చి దేవుడి పటం వెనక పెట్టడం, పెళ్లాం అడిగితే అంకె తప్పు చెప్పడం. కాటా మనిషి భాగంలో ఒక్క అక్షరం మార్చలేదు, అయినా ఆ పేజీ తర్వాత ఆ "టీ తాగినావా అన్నా" చదివితే నాకే కడుపులో తిప్పింది.

మీ నవలలో ఆ చెల్లెలు సంతకం పెట్టడానికి రిజిస్ట్రార్ ఆఫీసుకి ఏ బస్సులో వచ్చింది, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వచ్చింది, పెన్ను చేతికిచ్చింది అన్నేనా, సంతకం అయ్యాక భోజనానికి తీసుకెళ్లాడా? ఇవి రాసి ఉండకపోతే అన్న జోలికి వెళ్లకుండా ముందు ఆ పేజీ రాయండి.