ఆస్తి హక్కు తీసేశారంటే ఇల్లు పోయినట్టేనా?

ప్రశ్న: విశాఖపట్నం గోపాలపట్నంలో 120 గజాల్లో మాకు ఇల్లు ఉంది. రోడ్డు వెడల్పు చేస్తున్నామని ఎవరో వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి వెళ్లారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. ‘ఆస్తి హక్కును రాజ్యాంగంలోంచి ఎప్పుడో తీసేశారు, మనమేం చెయ్యలేం’ అంటున్నాడు మా అబ్బాయి. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది సగమే నిజం అమ్మా.

1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు ఆస్తి ప్రాథమిక హక్కే. అయితే దాన్ని పట్టుకుని కోర్టులకెక్కింది 120 గజాల వాళ్లు కాదు, జమీందార్లు. మన ఉత్తరాంధ్రలో ఎస్టేట్ల పెత్తనం ఎలా ఉండేదో ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి. భూసంస్కరణలు ఆగకూడదని 1951లోనే మొదటి సవరణ తెచ్చారు. అప్పుడు మొదలైన పేచీ ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు వెళ్లకూడదని 1967లో గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు అంది. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు కూర్చున్నారు. దేన్నైనా సవరించుకోండి, రాజ్యాంగ మౌలిక స్వరూపం మాత్రం చెడగొట్టొద్దు అన్నారు. అదీ 7-6 తేడాతో! చివరికి 1978లో 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోంచి తప్పించింది.

తప్పించింది గానీ పారేయలేదు. 300ఎ అధికరణంగా వేరేచోట పెట్టింది. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తీ తీసుకోకూడదు, అంతే దాని సారాంశం. నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే 32వ అధికరణం దారి మూసుకుపోయింది. 226 కింద హైకోర్టు తలుపు తెరిచే ఉంది.

ఆ చిన్న వాక్యంలో అక్షరం మారలేదు, అర్థం మాత్రం పెరుగుతూ వచ్చింది. హిమాచల్‌లో 1967-68లో రోడ్డు కోసం భూమి తీసుకుని పైసా ఇవ్వలేదు. ఆ భూమి యజమాని, చదువురాని విద్యాదేవి, ఎనభై ఏళ్ల వయసులో 2020లో సుప్రీంకోర్టులో గెలిచింది. ఇన్నేళ్లు మా స్వాధీనంలో ఉంది కాబట్టి మాదే అన్న ప్రభుత్వ వాదన నిలబడలేదు. 2024లో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో ఇంకా ముందుకెళ్లారు: ముందు నోటీసు, అభ్యంతరం వినడం, కారణాలు చెప్పి నిర్ణయం, ప్రజాప్రయోజనం, న్యాయమైన పరిహారం లాంటివన్నీ 300ఎలో ఉన్నవే అన్నారు. జమీందార్ల మూలంగా తగ్గిన హక్కు ఇప్పుడు చిన్న ఇంటివాళ్లకు అక్కరకొస్తోంది. నా మటుకు సవరణ కంటే ఇదే పెద్ద మార్పు.

కాబట్టి గోడ మీద గీత నోటీసు కాదు. ఏ చట్టం కింద, ఎన్ని గజాలు, పరిహారం ఎంత అని రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. డబ్బుకు బదులు టీడీఆర్ బాండ్ (పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు పత్రం) ఇస్తామంటే, ఇష్టం లేకపోతే సంతకం పెట్టకండి.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి. ఇంటి ప్లాన్ మంజూరైనప్పుడు, రోడ్డుకు పోయే భాగాన్ని ఉచితంగా వదులుకుంటామని మీవారు రాసిచ్చారా? అలా రాసిచ్చి ఉంటే కథ వేరు. చాలామందికి అది గుర్తే ఉండదు. ప్లాన్, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం), ఇంటి పన్ను రసీదులు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఈలోగా జేసీబీ వస్తే ఫొటోలు తీసి, ఆ రోజే లాయరును పట్టుకుని అమరావతిలో హైకోర్టులో రిట్ వేయించండి.