ఫౌండేషన్ ఇయర్‌కి అప్లై చేశాం, రిజెక్ట్ చేశారు: సమాధానం

బ్రిటన్ యూనివర్సిటీలో ఫౌండేషన్ ఇయర్‌కి (డిగ్రీ ఫస్టియర్‌కి ముందు చదివే సన్నాహక ఏడాది) అప్లై చేస్తే మీ అమ్మాయికి ‘నో’ వచ్చిందన్నారు. అది మార్కులు తక్కువయ్యి కాకపోవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి, యూకాస్‌లో (బ్రిటన్ యూనివర్సిటీలకు అప్లై చేసే వెబ్‌సైట్) ఎంచుకున్నది మూడేళ్ల హిస్టరీ అండ్ ఫిలాసఫీ. అది నేరుగా ఫస్టియర్‌లో చేరే కోర్సు, అందులో ఫౌండేషన్ ఇయర్ లేదు.

1. పేరు చివర ‘విత్ ఫౌండేషన్ ఇయర్’ అని ఉన్న నాలుగేళ్ల కోర్సు వెతకండి. ‘ఫౌండేషన్ డిగ్రీ’ వేరే సరుకు, అది విడిగా ఒక చిన్న డిగ్రీ, దాని జోలికి పోకండి.

2. అందరూ జారేది ఇక్కడే. చాలాచోట్ల ఫౌండేషన్ ఇయర్ ఉన్న కోర్సుకి కోడ్ వేరు. కొన్నిచోట్ల కోడ్ ఒకటే, ‘పాయింట్ ఆఫ్ ఎంట్రీ’ (ఏ ఏడాదిలో చేరతారు) గడిలో 0 పెట్టాలి. ఖాళీగా వదిలేస్తే ఫస్టియర్ కిందే లెక్క.

3. అక్కడి ప్రభుత్వ స్టూడెంట్ లోన్ కావాలంటే ఆ ఫౌండేషన్ ఏడాది డిగ్రీలో భాగమై ఉండాలి. ఇంగ్లండ్‌లో 2025-26 నుంచి హిస్టరీ, ఫిలాసఫీ లాంటి సబ్జెక్టులకు, హోమ్ స్టూడెంట్లకైతే (ఫీజు విషయంలో స్థానికులుగా లెక్కించేవాళ్లు), ఫౌండేషన్ ఫీజు 5,760 పౌండ్లు దాటకూడదు.