శాన్ హోసే పెరట్లో ఇల్లు కడితే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: మాకు శాన్ హోసేలో సొంతిల్లు ఉంది. 2021లో 2.9 శాతం వడ్డీకి లోన్ తీసుకున్నాం. పెరట్లో 1,000 చదరపు అడుగుల ఏడీయూ (అదే స్థలంలో అదనంగా కట్టే చిన్న ఇల్లు) కట్టడానికి కాంట్రాక్టర్ 3.4 లక్షల డాలర్లు చెప్పాడు. ఏటా ఐదు నెలలు అమ్మానాన్న వచ్చి ఉంటారు, మిగతా ఏడు నెలలు 2,700 డాలర్లకు అద్దెకిస్తాం. షాద్‌నగర్ దగ్గరున్న ప్లాట్ అమ్మితే లక్ష డాలర్లు వస్తాయి. మిగతాది పాత లోన్ రీఫైనాన్స్ చేసి తీసుకుందామనుకుంటున్నాం. కావాలంటే తర్వాత ఏడీయూని విడిగా అమ్ముకోవచ్చంటున్నారు. ముందుకెళ్లమంటారా?

జవాబు: ఆ 2.9 శాతం లోన్‌ని మాత్రం ముట్టుకోకండి. రీఫైనాన్స్ చేస్తే కొత్తగా తీసుకునే 2.4 లక్షలకే కాదు, పాత బాకీ మొత్తానికీ ఇప్పటి రేటు పడుతుంది. అప్పు తప్పదనుకుంటే ఇంటి మీద హీలాక్ తీసుకోండి, అంటే ఇంటిని హామీగా పెట్టి అవసరమైనప్పుడల్లా వాడుకునే విడి అప్పు. రేటు మారుతూ ఉంటుంది, కానీ పాత లోన్ జోలికి పోదు.

పర్మిషన్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. పదిహేనేళ్ల కిందట అడిగుంటే వద్దనేవాణ్ణి. ఒక స్థలంలో ఒకే ఇల్లు అని జోనింగ్ రాసుకున్న ఊళ్లు, పార్కింగ్ లేదనో పక్కింటివాళ్లు అభ్యంతరం చెప్పారనో తిప్పి పంపేవి. ఇళ్లు చాలక అద్దెలు కొండెక్కడంతో, 2016 నుంచి కాలిఫోర్నియా రాష్ట్రమే వరసగా చట్టాలు చేసి ఊళ్ల చేతులు కట్టేసింది. 2020 నుంచి, పూర్తిగా నింపిన దరఖాస్తు మీద సిటీ 60 రోజుల్లో తేల్చాలి. పక్కన, వెనక నాలుగేసి అడుగులు వదిలితే చాలు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కూడా అసలు కట్టొద్దనడానికి వీల్లేదు. మన ఊళ్లో సెట్‌బ్యాక్ గొడవలు చూసినవాళ్లకు ఇది వింతే!

చిక్కంతా మీ లెక్కలో ఉంది. ఒకే ఇంట్లో అమ్మానాన్నల్నీ పెట్టారు, అద్దెనీ పెట్టారు. ఏడు నెలల అద్దె అంటే 18,900 డాలర్లు. 2.4 లక్షల మీద 8 శాతం అనుకున్నా వడ్డీయే 19,200. ఇది కట్టినందుకు పాత ఇంటి మీద ప్రాపర్టీ ట్యాక్స్ పెరగదు, దాన్ని అదుపులో ఉంచే ప్రపొజిషన్ 13 అనే రాష్ట్ర చట్టం ఉంది కదా. కొత్తగా కట్టినదాని విలువ మీద మాత్రం దాదాపు 1.2 శాతం పడుతుంది, అంటే ఏడాదికి మరో 4,000 పైమాటే. అప్పులో అసలు తీర్చడం, ఇన్సూరెన్స్, రిపేర్లు ఇంకా లెక్కలోకే రాలేదు. పైగా ఏటా ఏడు నెలలుండి మీవాళ్లు దిగేసరికి ఖాళీ చేసిపోయే టెనెంట్ ఎక్కడ దొరుకుతాడు? ఏడాదంతా అద్దెకిస్తే, ఒక నెల ఖాళీ పోయినా 29,700 వస్తుంది. అప్పుడది పెట్టుబడి. కానీ అమ్మానాన్నలకు చోటుండదు.

విడిగా అమ్ముకోవచ్చన్నది నిజమే. 2024లో కాలిఫోర్నియాలో దీనికి తలుపు తీసిన మొదటి సిటీ మీదే. అయితే ముందు దాన్ని కాండోగా, అంటే అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లా విడి యాజమాన్యం ఉన్న యూనిట్‌గా విడగొట్టాలి, అందుకు మీకు అప్పిచ్చిన బ్యాంకు ఒప్పుకోవాలి. ఆ ఆశ మీద ఇప్పుడు 3.4 లక్షలు పెట్టకండి.

మీకు ముఖ్యం అమ్మానాన్నలే అయితే గ్యారేజీనే ఏడీయూగా మార్చండి. గోడలు, కప్పు ఉన్నవే. పోయిన పార్కింగ్‌కి బదులు చూపించమని సిటీ అడగకూడదు. రెండు కార్ల గ్యారేజీ దాదాపు 400 చదరపు అడుగులుంటుంది. మెట్టెక్కే పని లేని బాత్రూమ్, చిన్న వంటగట్టు పడతాయి. ఖర్చు పెరట్లో కొత్తగా కట్టేదానికన్నా తక్కువే అవ్వొచ్చు. లేదు, అద్దే కావాలంటే పెరట్లోనే కట్టండి, కానీ 750 చదరపు అడుగుల లోపు. అది దాటితే సిటీ ఇంపాక్ట్ ఫీజులు (కొత్త ఇళ్ల వల్ల ఊరి సదుపాయాల మీద పడే భారానికి వసూలు చేసేవి) వేయొచ్చు.

ప్లాట్ విషయంలో తొందరొద్దు. ఎన్నారై అమ్మితే కొనేవాడు టీడీఎస్‌ని లాభం మీద కాదు, మామూలుగా మొత్తం ధర మీద పట్టుకుంటాడు. ముందే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేయకపోతే, ఆ డబ్బు రీఫండ్ వచ్చేదాకా అక్కడే ఇరుక్కుంటుంది. అదే లాభాన్ని ఇక్కడి రిటర్నులోనూ చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకు ఫెడరల్ పన్నులో క్రెడిట్ ఉంటుంది.

ఏది కట్టినా సంతకం పెట్టేముందు డ్రైన్ లైన్ ఎటు పోతుందో కెమెరా వేయించి చూడండి. నా క్లయింట్ ఒకాయన పెరట్లో మురుగు పైపు వాలు చాల్లేదు. వీధి దాకా కొత్త పైపు వేయడానికి డ్రైవ్‌వే కాంక్రీటంతా పగలగొట్టారు. కొటేషన్‌లో ఆ ఖర్చు లేదు. దారికి అడ్డంగా ఉందని, వాళ్లావిడ ఎనిమిదేళ్లు పెంచిన కరివేపాకు చెట్టు కూడా పీకేశారు.