ఒకటో తరగతి చెప్పబోయే అమ్మాయికి

చిట్టితల్లీ,

నీకు ఒకటో తరగతి అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అంత చదివి చిన్నపిల్లలకు అఆలు చెప్పడమేమిటని దాని బాధ. నాకు మాత్రం చెప్పలేనంత గర్వంగా ఉంది. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

పిల్లల పేర్లు మొదటి వారంలోనే నేర్చుకో. రోజూ ఒక కథ చదివి వినిపించు. పేజీలకు పేజీలు దిద్దించకు, ఆ వయసులో మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు. అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తే కంగారుపడకు, ఆరేడేళ్ల వరకు అది మామూలే. ఇవన్నీ నీకు శిక్షణలో చెప్పే ఉంటారు.

చెప్పి ఉండరేమోనని నా అనుమానమంతా ఒక్క విషయం మీదే. అందరిచేతా కలిపి వల్లె వేయించడం గురించి.

నేను మూడో తరగతి చెప్పిన ఒక బడిలో ఒకటి, రెండు తరగతుల్లో చదువంటే అదే. టీచరు ఒక ముక్క చెప్పేది, గదంతా గొంతెత్తి అందుకునేది. వరండాలో నడిచేవాళ్లకు ముచ్చటగా ఉండేది, తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు. అక్కడినుంచి నా తరగతికి ఒక పాప వచ్చింది. చురుకైన కళ్లు, చక్కటి గొంతు. పాఠం అందరితో కలిసి గడగడా చదివేది. ఒకరోజు పిల్లలు తక్కువగా వచ్చారని దాన్ని ఒక్కదాన్నే చదవమన్నాను. మొదటి పేరా తప్పులేకుండా చెప్పేసింది. అనుమానం వచ్చి, అదే పేరా మధ్యలో ఒక మాట మీద వేలుపెట్టి ఇదేమిటన్నాను. నోరు పెగల్లేదు. ఇంకో మాట చూపించాను. తల వంచుకుంది.

రెండేళ్లపాటు ఆ పాప ఏం చేసిందో తర్వాత మెల్లగా తెలిసింది. పక్కవాళ్ల పెదవులు చూస్తూ, రెప్పపాటు ఆలస్యంగా గొంతు కలిపేది. నాలుగుసార్లు విన్నాక పాఠమంతా నోటికి వచ్చేసేది. తెలివితక్కువ పిల్ల చేయగల పనా అది? అంత తెలివీ చదవడం రాదన్న సంగతి దాచుకోవడానికే ఖర్చయిపోయింది. రెండేళ్లలో ఒక్క పెద్దమనిషీ దాని పక్కన కూర్చుని రెండు నిమిషాలు విడిగా వినలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

పాఠ్యపుస్తకం పక్కనపెట్టాను. వాళ్ల తమ్ముడి అల్లరి గురించి అది చెబుతుంటే ఆ మాటలే కాగితం మీద రాసి, వేలు కదుపుతూ చదివి వినిపించాను. మర్నాడు అదే కాగితం అది చదివింది. వాక్యాన్ని మాటలుగా, మాటల్ని అక్షరాలుగా కత్తిరించి మళ్లీ పేర్చుకున్నాం. ఏడాది చివరికి కొత్త పుస్తకం తెరిచి చదవగలిగింది. కానీ ప్రశ్న అడిగితే చెయ్యి ఎత్తడం మాత్రం నా దగ్గర ఉన్నన్నాళ్లూ అలవాటు కాలేదు. దాని మనసులో ఆ భయం వేళ్లూనుకుపోయింది.

పాటలూ పద్యాలూ హాయిగా కలిపి పాడించు, మాటల్లోని ధ్వనులు చెవికి పట్టేది అలాగే. చదవడం వచ్చిందో లేదో మాత్రం ఆ గుంపు గొంతుతో తేల్చకు. రోజుకు నలుగురైదుగురిని పక్కన కూర్చోబెట్టుకుని విను. తీరిక లేదంటావేమో. వేరే ఏదైనా మానుకో, ఇది మానకు.

అక్షరాలన్నీ అయ్యాకే మాటలు అనే పాత పద్ధతీ వద్దు. త, ల, వ, క వస్తే చాలు, తల, వల, కల, కలత చదివేస్తారు. చదివితే అర్థం ఉంటుందని వాళ్లకు మొదటి వారాల్లోనే తెలియాలి. ప, వ, ష లాంటి పోలికున్నవి ఒకేరోజు చెప్పకు.

తప్పు కనబడగానే ఎర్రగీత కొట్టకు తల్లీ. నూట ఇరవై ఐదు రాయమంటే 100205 అని రాసే పిల్లవాడు నీకు తప్పకుండా తగులుతాడు. నూరు, ఇరవై, ఐదు అని విన్నది విన్నట్టు రాశాడు వాడు. స్థానవిలువ వాడికింకా అందలేదు, అంతే. పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక మోపు కట్టించు, కొన్నాళ్లకు వాడే సరిచేసుకుంటాడు. ‘కొ’ రాసినట్టే మకారానికీ ఒత్వం తగిలించే పిల్ల పద్ధతిని పట్టుకుంది. ‘మొ’ రాత వేరన్నది తర్వాత చెప్పవచ్చు, ముందు మెచ్చుకో. వేళ్ల మీద లెక్కపెడితే చేతులు కట్టుకోమనకు, అవసరం తీరాక ఆ అలవాటు అదే పోతుంది.

ఐదారేళ్ల పిల్లల ముందు గుండీలను రెండు వరసల్లో సమంగా పేర్చి, ఒక వరసను ఎడంగా జరిపితే, ఆ వరసలోనే ఎక్కువున్నాయంటారు చాలామంది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో అధ్యయనం చేసిన స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే దీన్ని ఎంతో ఓపికగా పరిశీలించాడు. వాళ్లతో వాదించకు, తామే లెక్కపెట్టి చూసుకోనివ్వు. పియాజే పుట్టిన 1896లోనే పుట్టిన రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ ఇంకో సంగతి చెప్పాడు. పని చేసుకుంటూ పిల్లలు తమలో తాము గొణుక్కోవడం ఆలోచనలో భాగమేనని, పోనుపోను అదే మనసులోని మాటగా మారుతుందని. కాబట్టి గదిలో గుసగుసలు వినిపిస్తే బల్ల మీద బెత్తం చరచకు. అసలు బెత్తమే గదిలో ఉండకూడదు. ఈ విషయంలో నాతో వాదనకు దిగకు.

నీకు ఓపిక ఉందని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. కోపం కూడా ఉంది, అదీ చూశాను. అలసిపోయిన రోజున కొత్త పాఠం మొదలుపెట్టకు, కథ చెప్పి పంపెయ్యి. మధ్యాహ్నం తిండి మానేసి నోటుపుస్తకాలు దిద్దుతూ కూర్చున్నావని తెలిస్తే ఊరుకోను.

చిన్న పుస్తకంలో పిల్లలందరి పేర్లూ రాసి, ఎవరిని ఏ రోజు విడిగా విన్నావో తేదీ వేసుకో. సెలవులకు వచ్చినప్పుడు అది తీసుకురా. ఏ పేరు ఎదురుగా ఖాళీ కనిపించినా ఎందుకని అడుగుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ