ఒక్క కిడ్నీతో పుట్టిన బిడ్డ బరువు సరిగ్గా పెరుగుతుందా?

మీ బాబుకి నాలుగో నెల, ఒక కిడ్నీ అంతా నీటి తిత్తులే కాబట్టి పనిచేయడం లేదు, రెండోది బాగుంది, మొదటి రెండు నెలలు గబగబా పెరిగిన బరువు ఇప్పుడు నెమ్మదించింది, ఇది కిడ్నీ వల్లేనా, పాలు తగ్గిస్తే ఆ ఒక్క కిడ్నీకి భారం తగ్గుతుందా అని అడిగారు. రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను: పాలు తగ్గించకండి, నీళ్లు కలపకండి. ఎవరు చెప్పినా సరే. తల్లిపాలలో ప్రోటీను, ఉప్పు అసలే తక్కువ, ఆరోగ్యంగా ఉన్న ఒక్క కిడ్నీకి అది బరువేమీ కాదు. ఆరు నెలలలోపు బిడ్డకి విడిగా నీళ్లు కూడా అక్కర్లేదు.

మా పాప కూడా ఒకే కిడ్నీతో పుట్టింది. కడుపులో ఉన్నప్పుడే స్కాన్‌లో తెలిసింది కాబట్టి పుట్టకముందే మాకు టెన్షన్ మొదలైపోయింది. ఇప్పుడు బడికి వెళ్తోంది, తోటి పిల్లల ఎత్తే ఉంది. పుట్టాక చేసిన స్కాన్‌లో డాక్టరు కిడ్నీకి ఆ చివరా ఈ చివరా రెండు గుర్తులు పెట్టి కొలిచి, "వయసుకి మించి పెద్దగా ఉంది, మంచిదే" అన్నారు. పెద్దగా ఉంటే మంచిదేమిటా అనుకున్నాను. ఒకటి పనిచేయనప్పుడు రెండోది కడుపులో ఉన్నప్పటినుంచే పెద్దదై ఇద్దరి పనీ ఎత్తుకుంటుందట. మామూలుగా పుట్టిన బిడ్డ కిడ్నీ నాలుగున్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ఒక్కటే ఉన్న ఆరోగ్యమైన కిడ్నీ అంతకంటే పెద్దగా ఉందంటే అది సాధారణంగా మంచి గుర్తే.

ఇక బరువు. ఏ బిడ్డయినా పుట్టిన కొద్దిరోజుల్లో కాస్త తగ్గి, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టిన బరువుకి వస్తుంది. ఆ తర్వాత మూడు నెలల దాకా రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. అక్కడినుంచి వేగం తగ్గుతుంది, రెండు కిడ్నీలున్న పిల్లలకీ అంతే. అందుకే ఒక్క రోజు తూకం చూసి కంగారు పడొద్దు, గ్రోత్ చార్టులో (వయసుని బట్టి బరువు గుర్తుపెట్టే పట్టికలో) మీ వాడి గీత తన దారిన తాను పోతోందా, కిందకి జారుతోందా అన్నదే చూడాలి. కింది గీత మీదే నిలకడగా పెరిగే పిల్లలు బోలెడుమంది. రోజూ తూచడం మాత్రం మానెయ్యండి, మూత్రం పోసినదీ పోయనిదీ, తాగినదీ తాగనిదీ కలిసి పిచ్చెక్కిస్తాయి.

గీత నిజంగా జారుతుంటే మాత్రం "ఒక్క కిడ్నీ కదా" అని సరిపెట్టుకోకూడదు, ఎందుకంటే బాగున్న ఒక్క కిడ్నీ ఎదుగుదలని ఆపదు, వేరే కారణం వెతకాలి. మా పాపకి ఒకసారి బరువు ఆగిపోయింది. పెద్ద జ్వరం లేదు, పాలు సగంలో వదిలేయడం, చిరాకు, అంతే. యూరిన్ టెస్ట్‌లో ఇన్ఫెక్షన్ బయటపడింది. దానికీ ఒక కథ ఉంది: ముందు అతికించిన సంచిలో పట్టిన మూత్రంలో చర్మం మీది క్రిములు కలిసే అవకాశం ఉంటుందని, సన్నని గొట్టంతో మళ్లీ తీశారు. పాప ఏడుస్తుంటే నా ప్రాణం పోయింది గానీ, సరైన మందు పడేది ఆ రిపోర్టు వల్లే. మందు వాడాక గీత మళ్లీ లేచింది. మూత్రం వెనక్కి కిడ్నీలోకి ఎగదన్నుతోందేమోనని కూడా చూశారు, ఒక కిడ్నీ తేడాగా ఉన్న పిల్లల్లో రెండోవైపు ఈ సమస్య ఉండొచ్చు కాబట్టి. కారణం తెలియని జ్వరం వస్తే మీరూ అదే రోజు యూరిన్ టెస్ట్ అడగండి, రేపు చూద్దాంలే అనొద్దు. జ్వరానికి ఐబుప్రోఫెన్ మీ అంతట మీరు వేయకండి.

బరువుతోపాటు పొడుగు కూడా వెనకబడితే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం), బైకార్బొనేట్ (ఆమ్లాన్ని అదుపులో ఉంచేది) చూడమని అడగండి. రక్తంలో ఆమ్లం పేరుకుంటే పిల్లలు ఎదగరు, దానికి మందుంది. పుట్టిన రోజుల్లో తీసిన క్రియాటినిన్ రిపోర్టు ఎక్కువ చూపిస్తే అది చాలావరకు తల్లిదే, దాన్ని పట్టించుకోకండి, తర్వాతది చూడండి.

తిత్తుల కిడ్నీ చాలామందిలో దానంతటదే ముడుచుకుపోతుంది, తీసేయాల్సిన అవసరం రావడం అరుదు. మీ వాడి బాగున్న కిడ్నీ పొడవు ఎంతో స్కాన్ రిపోర్టులో రాసే ఉంటారు, అదీ, గత రెండు నెలల బరువులూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.