తల్లి పిలుపా, తల్లిగా పిలుపా?

సందేహం: మా లూథరన్ సంఘ పత్రిక కోసం 'విశ్వాసం – దినచర్య' అనే వ్యాసం రాస్తున్నాను, చిత్తుప్రతి జతచేశాను. రైతు సేద్యం, తల్లి పెంపకం, గుమాస్తా లెక్కలు అన్నీ దేవుడు అప్పగించినవే అన్న జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్ బోధకు తెలుగులో ఒక్క మాట కావాలి. 'వృత్తి' అంటే కులవృత్తి గుర్తొస్తోంది. 'పిలుపు' అంటే మా ఊళ్లో పాస్టరు కావడమే. ఏది వాడాలి? ఇంకొకటి: ప్రభువు ప్రార్థనలోని 'అనుదినాహారము'ను లూథర్ ప్రశ్నోత్తరిలో (విశ్వాసాన్ని ప్రశ్న-జవాబులుగా నేర్పే పుస్తకంలో) వివరిస్తూ చెప్పులు, ఇల్లు, వాతావరణం కూడా చేర్చారు. చెప్పులు ఆహారమెలా అవుతాయి?

సమాధానం: మీ ఇబ్బంది నిజమైనదే. కాకపోతే అది తెలుగుతో మొదలైంది కాదు. జర్మన్‌లో 'బెరూఫ్' అనే మాట 'రూఫెన్' (పిలవడం) నుంచి వచ్చింది. లూథర్‌కు ముందు అది ప్రధానంగా సన్యాసానికో యాజకత్వానికో వచ్చే పిలుపు. మీ ఊళ్లో 'ఆయనకు పిలుపు ఉంది' అంటే ఏ అర్థమో అప్పట్లో అక్కడా అదే అర్థం. లూథర్ ఆ మాటనే మామూలు జీవనోపాధికీ వాడాడు. అందుకు అందరూ చూపే చోటు సీరాకు గ్రంథం 11వ అధ్యాయం, 20, 21 వచనాల అనువాదం. ప్రొటెస్టెంట్ల తెలుగు బైబిల్లో ఆ గ్రంథం లేదు కాబట్టి మీ పాఠకులు అక్కడ వెతికితే దొరకదు. నేటి జర్మన్‌లో బెరూఫ్ అంటే ఉద్యోగమే, అందులో పిలిచేవాడు ఎవరికీ గుర్తుకు రాడు. అంటే మాట రెండు వైపులా జారింది: మన సంఘాల్లో పిలుపు గుడికే పరిమితమైంది, వాళ్లకు ఆఫీసుకే పరిమితమైంది.

మీరు అనుకుంటున్న రెండు మాటల్నీ విడదీసి చూద్దాం.

'వృత్తి'కి మూలం సంస్కృత 'వృత్' ధాతువు. ఉండటం, తిరగడం, వర్తించడం దాని అర్థాలు. ప్రవృత్తి, నివృత్తి, ఆవృత్తి, వర్తనం ఆ కుటుంబంలోవే. మనిషి దేని చుట్టూ తిరుగుతూ బతుకుతాడో అది వృత్తి. ఇందులో పిలిచేవాడు లేడు, పని మాత్రమే ఉంది. పైగా ఆదాయం లేనిదాన్ని వృత్తి అనం. దరఖాస్తులో 'వృత్తి' అన్న గడిలో 'గృహిణి' అని రాసేటప్పుడు కలం ఒక్క క్షణం ఆగుతుంది కదా, కారణం అదే. లూథర్ బోధలో మాత్రం బిడ్డ గుడ్డలు ఉతకడం కూడా ఆ లెక్కలోకి వస్తుంది. కులవృత్తి మాట మీరే అన్నారు. ఆంధ్ర లూథరన్ సంఘాల్లో ఎక్కువ కుటుంబాలు ఏ పల్లెల నుంచి, ఏ పేటల నుంచి వచ్చాయో తెలిసినవారు 'నీ వృత్తిలోనే ఉండు' అన్న వాక్యాన్ని అచ్చు వేయడానికి సాహసించకూడదు. 'దేవుడు నిన్ను నీ కులం పనిలోనే ఉండమన్నాడు' అని చదువుకునే ప్రమాదం ఉంది.

ఈ ప్రమాదం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7:20 దగ్గర మరీ ఎక్కువ. మన బైబిలు 'ఏ స్థితిలో పిలువబడెనో ఆ స్థితిలోనే' అంది. గ్రీకులో రెండు చోట్లా పిలుపుకు సంబంధించిన మాటలే ఉన్నాయి, లూథర్ కూడా అక్కడ 'రూఫ్' అనే ఉంచాడు. మనవాళ్లు అర్థం చెప్పడానికి 'స్థితి' వేశారు. అది చెడ్డ ఎంపిక కాదు. లూథర్ తరచుగా వాడే ఇంకో మాట 'ష్టాండ్', అంటే మనిషి నిలబడి ఉన్న చోటు. తండ్రి, కూతురు, యజమాని, పనివాడు, ఇవన్నీ ష్టాండ్‌లే. జర్మన్ 'ష్టాండ్', సంస్కృత 'స్థా', 'స్థితి' ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు పిల్లలు. కాబట్టి 'స్థితి' లూథర్ మాటకు దూరపు చుట్టమే. ఒకటి మాత్రం మరవకండి: ఆ తర్వాతి వచనమే దాసుడికి స్వతంత్రుడయ్యే వీలుంటే అదే మేలని చెబుతుంది. 20వ వచనాన్ని 21 లేకుండా ఉదహరిస్తే 'స్థితి'కి 'మారనిది' అన్న అర్థం మీరే అంటగట్టినవారవుతారు.

ఇక 'పిలుపు'. పిలుచు – పిలుపు, తలచు – తలపు, వలచు – వలపు, మార్చు – మార్పు: ఇవన్నీ ఒకే తరహా భావనామాలు. తెలుగువాళ్లకు పిలుపు అంటే మొదట గుర్తొచ్చేది గుడి కాదు, గడప. బొట్టుపెట్టి పిలిచిన పేరంటం, పెళ్లి పిలుపు, పిలవని పేరంటానికి వెళ్లిన పరువు తక్కువ. తర్వాత బంద్ పిలుపు, ఉద్యమ పిలుపు. అన్నింటిలోనూ ఒకరు పిలుస్తారు, ఇంకొకరు కదులుతారు. మీకు కావలసింది ఇదే. 'వృత్తి'లో లేని ఆ రెండో మనిషి ఇక్కడ ఉన్నాడు. కాబట్టి నా ఓటు 'పిలుపు'కే. పాస్టరుకు మాత్రమే వాడే అలవాటును భాషే తప్పిస్తుంది, కొంచెం జాగ్రత్త చాలు.

జాగ్రత్త ఎక్కడంటే, షష్ఠి విభక్తి ('యొక్క' అర్థం) దగ్గర. మీ చిత్తుప్రతిలో 'తల్లి పిలుపు', 'రైతు పిలుపు' అని ఉపశీర్షికలు ఉన్నాయి. 'తల్లి పిలుపు' అంటే తెలుగువాడికి తల్లి బిడ్డను పిలవడం. 'రైతు పిలుపు' అంటే రేపు మార్కెట్ యార్డు బంద్. పిలిచేదెవరో, పిలుపు అందుకున్నదెవరో తెలుగు షష్ఠి చెప్పదు. 'యొక్క' చేర్చినా బాగుపడదు, బరువు పెరుగుతుంది అంతే. ఇక్కడ పనికొచ్చేది 'గా' ప్రత్యయం. 'తల్లిగా అందిన పిలుపు', 'రైతుగా వచ్చిన పిలుపు' అంటే చిక్కు విడిపోయింది.

తోడు క్రియలూ చూసుకోవాలి. పిలుపు వస్తుంది, అందుతుంది, ఇస్తారు. పిలుపుకు కదులుతారు, స్పందిస్తారు, తగ్గట్టు నడుస్తారు. 'తన పిలుపులో నమ్మకంగా ఉండాలి' అని మీరు రాసింది తెలుగు కాదు, పిలుపు లోపల ఎవరూ ఉండరు. 'అందిన పిలుపుకు తగ్గట్టు నమ్మకంగా పనిచేయాలి' అనండి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4:1లో 'మీరు పిలువబడిన పిలుపునకు తగినట్లుగా' అని ఉంది. అందులోని 'బడు' పాత అనువాద శైలి. ఉల్లేఖనలో అలాగే ఉంచండి, మీ సొంత వాక్యంలో 'మీకందిన పిలుపుకు తగ్గట్టు' చాలు.

అన్నిచోట్లా ఒకే మాట పట్టుకుని వేలాడాల్సిన పనీ లేదు. దేవుడి వైపు నుంచి చెప్పేటప్పుడు 'పిలుపు', మనిషి నిలబడిన చోటు చెప్పేటప్పుడు 'స్థానం' లేదా 'స్థితి', చేతులు చేసేది చెప్పేటప్పుడు 'పని'. మచ్చుకు ఒక వాక్యం: 'కూతురిగా, నర్సుగా, ఓటరుగా ఆమెకు ఒకేసారి మూడు పిలుపులు అందాయి.' ఒకే మనిషికి ఇంట్లో, సంఘంలో, రాజ్యంలో ఏకకాలంలో స్థానాలుంటాయన్నది లూథర్ బోధలో కీలకం. 'పిలుపు'కు బహువచనం సులువుగా పడుతుంది. ఒకే మనిషికి 'వృత్తులు' అంటే రెండు జీతాలు తీసుకుంటున్నాడేమో అనిపిస్తుంది.

నర్సు అన్నాను కాబట్టి ఒక పక్కమాట. సంఘంలో 'పరిచర్య' అంటే వాక్యసేవ, బైబిల్లో 'పరిచారకులు' సంఘ పెద్దల తర్వాతి వరుసవారు. ఆసుపత్రిలో 'పరిచారిక' అంటే నర్సు. గుంటూరు లూథరన్ మిషన్‌లో 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ కాలం నుంచి ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి. 'సేవలో ఉన్నాడు' అంటే పాస్టరు అనే వాడుకకు విరుగుడు కావాలంటే ఈ జంటను చూపండి. 'కొలువు' అంతకన్నా అందమైనది. దేవుణ్ణి కొలుస్తాం, రాజు దగ్గర కొలువు చేస్తాం, ఒకే క్రియ నుంచి భక్తీ ఉద్యోగమూ వచ్చాయి. తెలంగాణ పత్రికల్లో ఉద్యోగాల భర్తీ అంటే నేటికీ కొలువులే. కానీ క్రైస్తవ వాడుకలో ఆరాధనకు ఆ మాట లేదు, బొమ్మల కొలువు అడ్డొస్తుంది. వ్యాసంలో ఒక వాక్యంగా బాగుంటుంది, పారిభాషికంగా వద్దు.

మీ చిత్తుప్రతిలో 'మంచి చెప్పులు కుట్టేవాడు చెప్పుల మీద సిలువలు వేయడు, మంచి చెప్పులు కుడతాడు' అన్న మాట లూథర్ పేరుతో ఉంది. తీసేయండి. ఎక్కడ చూసినా తిరుగుతుంది గానీ ఆయన రచనల్లో లేదు. చెప్పులు కుట్టేవాడు కావాలంటే 1520లో జర్మన్ ప్రభువర్గానికి రాసిన విజ్ఞప్తిలో ఉన్నాడు. అక్కడ చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు ఎవరి పని వారికున్నా అందరూ అభిషిక్తులైన యాజకులే అన్న భావం ఉంది. మన నేల మీద ఆ మాటకున్న పదును జర్మనీలో కూడా లేదు.

రెండో సందేహం చిన్నది. 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో లూథర్ ప్రార్థనలోని 'రొట్టె'ను (మనం 'ఆహారము' అన్నది జర్మన్‌లో రొట్టె) శరీర పోషణకూ అవసరాలకూ కావలసినదంతా అని విడమరచి, తిండి, పానం, బట్టలు, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి పాలన, మంచి వాతావరణం, ఆరోగ్యం, స్నేహితులు, నమ్మకమైన పొరుగువాళ్ల దాకా వెళ్లాడు. జర్మన్‌లో 'తన రొట్టె సంపాదించుకోవడం' అంటే బతుకుతెరువు చూసుకోవడం, అందుకే ఆ మాట అంత సాగింది. తెలుగు 'ఆహారం' సాగదు, పౌష్టికాహారం దగ్గరే ఆగిపోతుంది. సాగేది 'కూడు'. కూడూ గూడూ గుడ్డా అని వరుసగా అంటాం, కూటి కోసం కోటి విద్యలంటాం. ప్రార్థనను ముట్టుకోకండి, జనం నోట నిలిచిన మాటది. వివరణలో మాత్రం 'అనుదినాహారమంటే కూడూ గూడూ గుడ్డా, వాటిని నిలబెట్టే మనుషులూ' అని మొదలుపెడితే చెప్పులు వాటంతట అవే లోపలికి వస్తాయి.

ఆ జాబితాలోనే భార్యకూ, పిల్లలకూ, పనివాళ్లకూ ముందు 'ఫ్రోమ్' అన్న విశేషణం ఉంటుంది. నేటి జర్మన్ నిఘంటువు చూసి 'భక్తిగల పనివాళ్లు' అని వేశారు మీరు. లూథర్ కాలంలో ఆ మాటకు నిజాయితీగల, మంచి అన్న అర్థం బలంగా ఉండేది. 'మంచి పనివాళ్లు' అనండి. జాబితా చివర 'ఇలాంటివే మరికొన్ని' అని కూడా ఉంది కాబట్టి, మీ పాఠకుల కోసం బోరు నీళ్లూ కరెంటూ చేర్చినా మూలాన్ని దాటినట్టు కాదు.